వార్డులో ఒక నటుడు

"ఒసే మారిట్, వీడే నటుడు," అంది తోరున్, మూలుగుతున్న కొత్త రోగిని చూపిస్తూ, పక్క నర్సు చెవిలో.

వార్డులో ఉన్న రోగుల్లో ఒకడు నర్సులకు పరీక్షగా శిక్షణ కేంద్రం వాళ్ళు పడుకోబెట్టిన దొంగ రోగి, అంటే నటుడు. ఎవరో చెప్పరు. నర్సే కనిపెట్టి కాపాడాలి, లేకపోతే అతను చచ్చినట్టు లెక్క. కిందటిసారి తోరున్ చేతిలో దొంగ రోగి "పోయాడు". ఈసారీ పోతే ఆమెను వార్డులోంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతారు. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు భయం, కోపం రెండూ వస్తున్నాయి.

"ఎలా చెప్పగలవే?" అంది మారిట్.

"ఆ గోల వినూ. మన ఫ్యోర్డు జనం, ఈ సముద్రపాయ ఒడ్డువాళ్ళు, కాలు తెగినా కాస్త చురుక్కుమందంటారు. వీడు ఊరంతా వినేలా మూలుగుతున్నాడు. పైగా చుట్టమన్నవాడు ఒక్కడూ రాలేదు."

హెల్గే అనే ఆ కొత్త రోగి ఛాతీ పట్టుకున్నాడు. "అమ్మో, దవడ లాగేస్తోంది సిస్టర్. ఎడమ చెయ్యి కూడా."

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెబుతున్నాడు. తోరున్ అనుమానం గట్టిపడింది. పరీక్షాయె, ఏదీ వదల్లేదు. నాడి చూసింది, రక్తపోటు చూసింది, ఈసీజీ తీసింది, డాక్టరుకు ఫోన్లో పొల్లుపోకుండా చెప్పింది.

"చచ్చిపోతున్నా సిస్టర్."

"బాగానే చేస్తున్నారు గానీ, కొంచెం ఎక్కువైంది," అని గొణిగిందామె.

పొద్దున ఆపరేషన్ అయిందని చెప్పిన పెద్దాయన కిటికీ పక్క మంచం మీంచి చెయ్యెత్తాడు. "కాస్త దాహంగా ఉంది సిస్టర్. చేతులు కూడా చల్లబడ్డాయి. తొందరేం లేదు లెండి."

"దుప్పటి కప్పుకోండి, వస్తా," అంది తోరున్ వెనక్కి తిరక్కుండానే.

డాక్టరు వచ్చి ఈసీజీ చూసి హెలికాప్టరు పిలిపించాడు. హెల్గేను ఎక్కించుకుని అది ఎగిరిపోయింది. తోరున్ నోరు తెరిచింది.

"దొంగ రోగికి హెలికాప్టరేంటండీ?"

"దొంగేంటి? నిజం గుండెపోటే. నువ్వు ఇంకాస్త ఆలస్యం చేస్తే దక్కేవాడు కాదు."

"మరి ఆ గోల?"

"బెర్గెన్ పట్నం మనిషి. వాళ్ళకి తుమ్మొచ్చినా ఊరేగింపే," అని నవ్వుకుంటూ వెళ్ళాడు డాక్టరు.

తోరున్ దొరికిన మంచం మీద కూలబడింది.

"నా కాళ్ళ మీద కూర్చున్నారు సిస్టర్," అన్నాడు కిటికీ పక్క పెద్దాయన మర్యాదగా. "పర్లేదు లెండి. ఆ నటుణ్ణి నేనే. లోపల రక్తం కారి ఇందాకే చచ్చిపోయాను."