డబ్బాలో లేని రంగు

పాప పెయింట్ల దుకాణంలోకి వచ్చి, రంగు పెన్సిళ్ళ డబ్బా బల్ల మీద బోర్లించింది.

"తాతా, ఇందులో నా రంగు లేదు."

రంగులు కలిపే ముసలాయన చేతిలో పుల్ల ఆగింది.

బడిలో ఇంటిల్లిపాదినీ బొమ్మ వేసి తెమ్మన్నారు. అమ్మ, నాన్న, అమ్మమ్మ, తమ్ముడు, నలుగురికీ ఒకే పెన్సిల్ సరిపోయింది. ఐదో ముఖం ఉత్త కాగితంలాగే ఉంది.

"నల్లది వెయ్యకపోయావా?"

"నేను నలుపా? సరిగ్గా చూడు!"

"నిజమే. నలుపంటే నేను కూడా కాదు," అని నవ్వాడు. ఆ దుకాణంలో ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు.

చిన్న గిన్నెలో తెలుపు, పసుపు, ఎరుపు కలిపాడు. పుల్ల మొనతో కాస్త నలుపు తాకించాడు. పాప చేతి మీద ఒక చుక్క పెట్టాడు.

"లేతగా తేలిపోయింది తాతా!"

"తడి మీద రంగు అబద్ధం చెబుతుంది. ఆరనీ."

ఆరింది. చుక్క ఎక్కడ పెట్టాడో వెతుక్కోవలసి వచ్చింది.

"చూశావా, ఇన్ని కలిస్తే నువ్వు. మీవాళ్ళందరిలోంచీ కొంచెం కొంచెం."

"మావాళ్ళలో ఎవరూ ఇలా లేరు. నేను దొరికిన పిల్లనట, తమ్ముడంటాడు. అమ్మవాళ్ళ నాన్న కూడా దబ్బపండు ఛాయేనట. అమ్మ చిన్నప్పుడే చనిపోయాడు."

ముసలాయన పుల్ల తుడిచి పక్కన పెట్టాడు.

అంతలో పాపను వెతుక్కుంటూ తల్లి వచ్చింది.

"పిల్ల ఒంటికి పెయింటు పూస్తావా? నీకు పిల్లల్లేరా?"

"తప్పేనమ్మా," అన్నాడే గాని, ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"పైగా ఆ చూపొకటి!"

ఆమె వెళ్ళి యజమానితో గట్టిగానే చెప్పింది.

రెండు రోజులకి, అలాగే రంగులు కలిపి పూర్తిచేసిన బొమ్మ తాతకు చూపిస్తానని పాప ఒకటే ఏడుపు. తల్లి విసుక్కుంటూ తీసుకెళ్ళింది. బల్ల వెనక ఎవరూ లేరు.

"మీరు చెప్పారని మాన్పించేశానమ్మా. ఎక్కడికెళ్ళాడో తెలీదు," అన్నాడు యజమాని. "వెళ్తూ వెళ్తూ మీ అమ్మగారు కులాసానా అని అడిగాడు. పేరు పెట్టి మరీ."

ఆమె ఇంటికి రాగానే తల్లిని నిలదీసింది.

"ఆ రంగులు కలిపేవాడికి నీ పేరెలా తెలుసమ్మా?"

అమ్మమ్మ పాపను దగ్గరికి లాక్కుంది.

"నీ రంగు మీ తాతదే తల్లీ. ఆయన చనిపోయాడని మీ అమ్మకి చెప్పింది నేను."