మొక్కు చీర అంచు

పటాన్‌చెరులో శ్రీలత నడిపే మగ్గం వర్కు షట్టరు ముందు స్కూటర్ ఆగింది. నడుపుతున్నది కామరాజు. వెనక నుంచి ఆయన భార్య వీరలక్ష్మి దిగింది. దిగుతూనే గట్టిగా త్రేన్చింది.

"ఏం తిన్నా అరిగి చావడం లేదమ్మాయ్. మందులు మింగాను, కషాయాలు తాగాను. కడుపులోకి గొట్టం వేసి, చిన్న ముక్క తీసి కూడా చూశారు. ఇక లాభం లేదని మన కాలనీ అన్నపూర్ణమ్మ తల్లికి చీర మొక్కుకున్నాను," అంటూ సంచిలోంచి మీగడ రంగు పట్టుచీర తీసింది. "అంచంతా నువ్వే కుట్టాలి."

శ్రీలతకు సంతోషమూ వేసింది, గుబులూ పుట్టింది. ఆ గుడి కమిటీలో వీరలక్ష్మి మాటే వేదం. ఆమె మెచ్చిందంటే దసరాకు అమ్మవారి చీరలన్నీ శ్రీలత చేతికే వస్తాయి. మెచ్చకపోతే ఏమవుతుందో పోయినేడు తెలిసొచ్చింది. వీరలక్ష్మి జాకెట్టు మీద కుట్టిన నెమలే ఒక పెళ్ళిలో ఎదురింటావిడ వీపు మీద కూడా కనబడింది. ఆ రోజు నుంచి సగం కాలనీ ఇటు తిరిగి చూడలేదు. ఈసారీ తేడా వస్తే షట్టరు దించుకోవడమే.

"డిజైన్ ఏంది మేడమ్?"

"మా ఆయన ఎక్కడో మంచిది చూశారట, ఫోన్లో పంపుతారు. నేను చూడలేదు, చూడను కూడా. మొక్కు చీర అంచు ముందు అమ్మవారే చూడాలి. మా అత్తగారి నుంచీ మాకదే ఆచారం. ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకో. పోయినసారిలా కాదు, ఈ డిజైన్ ఇంకెవ్వరి దగ్గరా ఉండకూడదు!"

స్కూటర్ మీదున్న కామరాజు ఫోనును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి, వేలితో పొడుస్తున్నాడు. కాసేపటికి "ఎవరికి పంపాల్సింది వాళ్ళకు పంపేశాను. పదవే," అన్నాడు, కొండ మోసి దించినట్టు.

వాళ్ళు వెళ్ళాక శ్రీలత ఫొటో తెరిచింది.

గులాబీ రంగు, వంకాయ రంగు. వరసగా పైకి లేచిన వేళ్ళు. ప్రతి వేలి చుట్టూ సన్నటి కుచ్చు, నడుమ సన్నటి కాలువ. వేళ్ళ మీద అక్కడక్కడా తెల్లటి బుల్లి చెంబులు. వేలికీ వేలికీ మధ్య సందు, సందు అడుగున గుంట, గుంటలో ఎర్రటి నలుసులు.

పూసలు ఏరుతున్న అత్త రాధమ్మ తొంగి చూసింది.

"ఏందే గది, జొన్న కంకులా?"

"వేళ్ళ లెక్క కొడుతున్నయి అత్తమ్మా."

"అమ్మవారికి గన్ని వేళ్ళెందుకే?"

"అన్నపూర్ణమ్మ గదా. గింతమంది కడుపులు నింపాల్నంటే ఎన్ని చేతులు గావాలె!"

"మరి గా చెంబులు?"

"నెయ్యి చెంబులైతయి తియ్."

రాధమ్మ పూసల పళ్ళెం పక్కన పెట్టి ఫోనుకే దండం పెట్టింది. "గా పెద్దమనిషిని సూస్తే అనిపియ్యదు గని, లోపల మస్తు భక్తి ఉన్నదే!"

అయినా శ్రీలతకు మనసు ఊరుకోలేదు. వీరలక్ష్మికి ఫోన్ చేసింది. "మేడమ్, గా డిజైన్‌ల వేళ్ళున్నయి గదా..."

"చెప్పకు! అమ్మవారి కంటే ముందు నా చెవిన పడినా దోషమే. పంపింది పంపినట్టు కుట్టు!" ఫోన్ పెట్టేసింది.

ఇక శ్రీలత చీరను మగ్గానికి బిగించింది. వేళ్ళకు గులాబీ పట్టుదారం, కుచ్చుకు జరీ, చెంబులకు ముత్యాలు, నలుసులకు ఎర్ర పూసలు. నడుము పడిపోయినా ఒక్క కుట్టు దాటవేయలేదు.

"ఎవరు గీసిండ్రో గని అత్తమ్మా, ఒక్క వేలు ఇంకో వేలు లెక్క లేదు. మనిషి గీస్తే అన్ని ఒక్క తీరుగ గీస్తడు గదా?"

"అయితే మనిషి గీయలేదేమో," అంది రాధమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

శ్రావణ శుక్రవారం గుడి కిటకిటలాడింది. తెర తీశారు. హారతి వెలుగులో అమ్మవారి అంచు కదిలినట్టే అనిపించింది. గంట కొట్టేవాడు కొట్టడం మరిచాడు.

"ఇన్నేళ్ళలో ఇలాంటి అంచు కట్టలేదమ్మా," అన్నారు పూజారి. "అన్నం పెట్టే తల్లికి అచ్చంగా సరిపోయింది."

ఆడవాళ్ళంతా వీరలక్ష్మిని చుట్టుముట్టారు. "పిన్నిగారూ, ఎక్కడిదండీ డిజైన్? ఫొటో పెట్టరూ?"

"పెట్టను గాక పెట్టను. అది నా ఒక్కదానిదే!" వీరలక్ష్మి మొహం వెలిగిపోతోంది. పులిహోర మూడోసారి పెట్టించుకుంది. త్రేనుపు రాలేదు. శ్రీలతను దగ్గరికి పిలిచి, "దసరా చీరలన్నీ నీకే అమ్మాయ్. అమ్మవారి గుర్తుగా నాకూ ఒక జాకెట్టు కుట్టు, వీపు నిండా ఇదే రావాలి," అంది.

శ్రీలత కళ్ళు తుడుచుకుని అమ్మవారికి మరోసారి మొక్కింది.

అప్పుడొచ్చాడు కామరాజు. ప్రసాదం వరసలో చిక్కుకుని ఇంకా దర్శనమే కాలేదాయనకు. ఒక చేతిలో పులిహోర, ఒక చేతిలో ఫోను.

"అమ్మాయ్, హైదరాబాదు డాక్టరుగారు ఇన్నాళ్ళకు బదులిచ్చారు. కళ్ళజోడు ఇంట్లో మరిచాను. కాస్త గట్టిగా చదువు, మా ఆవిడ కూడా వింటుంది."

శ్రీలత ఫోను అందుకుని, గుడిలో అందరికీ వినబడేలా చదివింది: "కామరాజు గారూ, మీరు పంపిన ఫొటోలో చిలకలూ మామిడి పిందెలూ ఉన్నాయి, దయచేసి మీ ఆవిడ చిన్నపేగు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి తీసిన ఫొటో పంపండి."