ఆవిడ రాసిన స్క్రిప్టు

పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి.

"రిపోర్టులేవండీ? ఆపరేషన్ బల్ల మీద మనిషి పడుకుని ఉన్నాడు!" అవతలినుంచి డాక్టరు కేకలు.

రక్తపరీక్షల ల్యాబు అది. ఊళ్ళోని ఆసుపత్రులన్నిటికీ రిపోర్టులు కంప్యూటర్లోంచే వెళ్తాయి, ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే పద్ధతిలో, ఒకే పెద్ద ఫైలుగా. దాన్ని తయారుచేసేది పెర్ల్ అనే పాతకాలపు భాషలో రాసిన స్క్రిప్టు. ఆవేళ అది సగంలో చతికిలబడింది.

పెద్దసారు చెమట తుడుచుకుంటూ చిన్ని దగ్గరికొచ్చాడు. "పోనీ, మెమరీ ఇంకాస్త వేయిద్దామా?"

"నిన్నగాక మొన్నేగా సార్ వేయించారు. జబ్బు స్క్రిప్టులో ఉంది. తిరగరాసేస్తాను."

ఆయన ముఖం చిన్నబోయింది. "అది రాసిన చెయ్యి సామాన్యమైంది కాదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్క తప్పు..." అంటూనే చిన్ని చూపు చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ ఊసు చిన్ని దగ్గర ఎత్తకూడదు. ఆఫీసులోనూ అంతే, ఇంట్లోనూ అంతే. ఆ షరతు పెట్టింది చిన్నే. నోళ్ళయితే మూయించింది గానీ కళ్ళని ఎక్కడ మూయిస్తుంది? చిన్ని కూర్చునే కుర్చీ ఆవిడది. కాఫీ తాగే కప్పు ఆవిడది. ఎవరైనా జోకు వేసినప్పుడు చిన్ని నవ్వకపోతే, పక్కవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవారు. ఆవిడైతే పైకప్పు లేచిపోయేలా నవ్వేదట.

ఇంటికెళ్తే అత్తగారు. మంచి మనిషే పాపం. కూర నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, "బాగుందమ్మా" అనేది. ఆ ఒక్క క్షణంలో ఆవిడ ఏనాడో చేసిన వంట అత్తగారి నాలిక మీదికి వచ్చి వెళ్ళిందని చిన్నికి తెలిసిపోయేది. ఇక ముద్ద దిగేది కాదు.

భర్త సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడ మీది పెళ్ళిఫోటో తీసెయ్యమని చిన్ని ఎంతో పోరింది. అందులో ఆవిడ నడుం దాటిన జడతో, తల వెనక్కి వాల్చి విరగబడి నవ్వుతుంది. ఆయన చెవిలో ఏం చెప్పాడో, అంత నవ్వు! భుజాలైనా తాకని తన జుట్టుని తడుముకుంటూ చిన్ని ఆ ఫోటో ముందు నిలబడిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక దాన్ని గోడవైపు తిప్పేసింది. సాయంత్రానికి అది మళ్ళీ ఇటు తిరిగి ఉంది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే ఆవేళ పంతం పట్టి కూర్చుంది. పెర్ల్ మొండిఘటమని అందరూ అంటారుగానీ, చిన్ని వేళ్ళకి అదెందుకో మొదట్నుంచీ సులువుగానే లొంగింది.

చదువుతుంటే కడుపు రగిలిపోయింది. ఎంత ముచ్చటగా రాసిందీ మహాతల్లి! మనుషుల పేర్లలో దూరే పిచ్చి గుర్తులు ఫైలుని పాడుచెయ్యకుండా ఎక్కడికక్కడ కాపలా పెట్టింది. వంక పెడదామంటే వేలు దూరే సందు లేదు.

ఉన్నట్టుండి చిన్ని పెదవుల మీదికి నవ్వొచ్చింది. దొరికింది!

ఆఖరి అతిథి వచ్చేదాకా ఎవరికీ వడ్డించని పెళ్ళివారిలా, ఆవిడ రిపోర్టులన్నిటినీ మెమరీలో పేర్చుకుంటూ పోతుంది. చివరిది కూడా వచ్చాకగానీ ఫైల్లో ఒక్క అక్షరం రాయించదు. అప్పట్లో రిపోర్టులు పిడికెడు కాబట్టి చెల్లింది. ఇప్పుడవి కొండంత. మొయ్యలేక కూలబడుతోంది.

చిన్ని పేర్చడం మానేసింది. ఒక రిపోర్టు రాగానే దాని మొదటి గుర్తు, లోపలి విలువలు, ముగింపు గుర్తు ఫైల్లో రాసెయ్యడం. వెంటనే దాన్ని మరిచిపోవడం. తరవాతిది అందుకోవడం. మరిచిపోవడంలోనే ఉంది కిటుకంతా.

నడిపించి చూసింది. కాఫీ చల్లారేలోగా ఫైలు మొత్తం తయారైపోయింది. ఆసుపత్రులకి వెళ్ళిపోయింది. ఫోన్లు నోరు మూసుకున్నాయి.

"శెభాష్ తల్లీ!" అన్నాడు పెద్దసారు.

"ఆవిడకంటే బాగా రాశానా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ మాట నన్నడక్కమ్మా" అని గబగబా వెళ్ళిపోయాడు.

చిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత చేసినా ఆవిడదే పైచెయ్యా? పాత స్క్రిప్టుని వెతికి పట్టుకుని చెరిపేసింది. దాచి ఉంచిన నకలునీ వదల్లేదు.

సాయంత్రం తీసుకెళ్ళడానికి భర్త వచ్చాడు. కారెక్కీ ఎక్కగానే చిన్ని అంది. "మీ ఆవిడ రాసిందంతా ఇవాళ నా చేత్తో తుడిచేశాను. ఆనవాలు కూడా మిగల్లేదు."

ఆయన కారు పక్కకి తీసి ఆపాడు.

"ఏం, ప్రాణం ఉసూరుమందా?" చిన్ని ఆయనవైపు తిరిగింది. "ఇంకా ఆవిడే కావాలా మీకు? నేనెందులో తక్కువ? ఎంత చేస్తే నన్ను చూస్తారు?"

ఆయన తన రెండు చేతుల్లోకి ఆమె ముఖం తీసుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నవ్వు కూడా ఉంది.

"యాక్సిడెంటులో తలకి దెబ్బ తగిలి పాతవన్నీ మరిచిపోయినంత మాత్రాన, నీకు నువ్వే సవతివెలా అవుతావే, పిచ్చిదానా?"