వేడి మందు

“నాన్నకు ఆ మాట చెప్పావో, ఈ అన్న నీకు లేడనుకో!”

ఆసుపత్రి మెట్ల మీద రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు అన్న. కింది మెట్టు మీద చెల్లెలు. ఆమె చేతిలో మొన్న డాక్టరు ఇచ్చిన అంగీకార పత్రం. దాని మీద నాన్న సంతకం కావాలి. సంతకం పెట్టాలంటే కడుపులో ఉన్నది పుండు కాదు, క్యాన్సరని ఆయనకు తెలియాలి. వారం రోజులుగా అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ పుండనే చెబుతూ వచ్చారు వీళ్లు.

“తప్పుకో అన్నయ్యా. ఇంకా ఆలస్యమైతే పాకిపోతుందన్నాడు డాక్టరు.”

“తప్పుకోను. కణితి కోసేసి, కడుపులో వేడి మందు పోసి గంటన్నర సేపు తిప్పుతారట! మనిషా, బాయిలరా?”

“నలభై రెండు డిగ్రీలు. ఆ వేడికీ మందుకీ క్యాన్సర్ కణాలు చస్తాయి, మంచివి తట్టుకుంటాయి. డాక్టరు అంత విడమరిచి చెబితే నువ్వేం విన్నావు?”

“గ్యారంటీ ఇచ్చాడా?”

“ఇవ్వలేదు. ఇంటికి తీసుకుపోతే నువ్విస్తావా?”

అన్న కళ్లు నిండిపోయాయి. “ఆ పేరు వింటేనే నాన్న గుండె ఆగిపోతుందే...”

ఆమెకూ ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా కోపం ఎక్కువొచ్చింది. ముప్పై ఏళ్లు బేకరీ పొయ్యి ముందు నిలబడి, నిప్పుతో కాపురం చేసిన మనిషి. ఆయన్ను పట్టుకుని గాజుబొమ్మను చేస్తాడా వీడు?

“భయం ఆయనకు కాదు, నీకు!” అని అన్న చెయ్యి తోసేసి, రెండేసి మెట్లు ఎక్కేసింది. “ఒసేయ్, ఆగవే!” అంటూ రొప్పుతూ వెనకే వచ్చాడు అన్న.

గది ముందు ఒక్క క్షణం ఆగింది. నాన్నా, నీకొచ్చింది క్యాన్సర్, దాని అంతు చూద్దాం పద. లోలోపల ఒకసారి అనుకుని తలుపు తోసింది.

మంచం ఖాళీ. నర్సు ఉతికిన దుప్పటి పరుస్తోంది.

ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది. “మా నాన్న?”

“థియేటర్‌లో ఉన్నారమ్మా. తీసుకెళ్లి గంటయింది. కణితి తీసేశాక వేడి మందు పెడతారు.”

“సంతకం ఎవరు పెట్టారు?” అన్న అరిచినంత పని చేశాడు.

“ఆయనే. నిన్న డాక్టరుగారిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి అంతా కక్కించి, ఇంకో పత్రం తెప్పించుకుని సంతకం పెట్టేశారు. ‘కానివ్వండి, దాని సంగతో నా సంగతో తేలిపోవాలి’ అన్నారు. సాక్షి సంతకం మీ అమ్మగారిది.”

“మరి మాకెందుకు చెప్పలేదు?”

నర్సు నాలుక కరుచుకుని, గొంతు బాగా తగ్గించింది.

“నేను చెప్పానని అనకండమ్మా. ‘మా పిల్లలిద్దరూ ఉత్త పిరికివాళ్లు, ఆ జబ్బు పేరు వింటేనే హడలి చస్తారు, వాళ్లకు మాత్రం పుండనే చెప్పండి’ అని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు మీ నాన్నగారు.”