పై అంతస్తులో అక్క

తెల్లారితే ఆపరేషన్. టైలరమ్మ ఎడమ కిడ్నీ తీసి, అదే ఆసుపత్రి పై అంతస్తులో ఉన్న తమ్ముడికి పెడతారు. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. నడుము పక్కన పెన్నుతో గుర్తు పెట్టి వెళ్లారు.

"ఇష్టంతోనే ఇస్తున్నారా?" అని డాక్టరు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఔననే చెప్పింది. లోపల మాత్రం గుండె పీచుపీచుమంటోంది. ఆ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఒంటిగంటకు ఫోన్ మోగింది. తమ్ముడు.

"ఇవ్వలేనని ముందే చెప్పాల్సిందక్కా. ఇంత రాత్రి వచ్చి చెప్పి, అలా వెళ్లిపోతే ఎలా?"

"నేనెప్పుడు వచ్చానురా? మంచం దిగితే ఒట్టు."

అవతల తలుపు కిర్రుమంది.

"ఉండు... మళ్లీ వచ్చావు. కుర్చీలో కూర్చున్నావు. భయమేస్తోందంటున్నావు." అతని గొంతు సన్నబడింది. "నీ చేతిలో ఫోనే లేదక్కా."

ఆమె పరుగెత్తుకెళ్దామని లేవబోయి, మళ్లీ మంచం మీదే కూర్చుంది.

"స్పీకర్ పెట్టరా," అంది చివరికి. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న తనతోనే మాట్లాడింది. "భయమేస్తే వెయ్యనీ. వాడు మన తమ్ముడేగా, ఇచ్చేద్దాం. ఇటు వచ్చెయ్."

ఫోన్‌లో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. అది తమ్ముడి గొంతు కాదు. తన గొంతే. ఆ వెంటనే కుర్చీ జరిగిన చప్పుడైంది.

కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఒక్కో మెట్టే దిగుతూ దగ్గరవుతోంది.

టైలరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, మంచం మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.