స్టోరు గదిలో చిక్కుడు

మూడో తరగతి నడిచేది పాత స్టోరు గదిలో. కిటికీ లేదు, పిల్లలు పుస్తకాల్ని ముక్కుకి ఆనించుకుని చదువుతారు. కిటికీ పెట్టించమని టీచరు మూడేళ్లుగా అడుగుతోంది. తన మాట వినని హెడ్మాస్టరు మొక్క మాటైనా వింటాడేమోనని, ఈసారి పిల్లల చేత రెండు డబ్బాల్లో చిక్కుడు గింజలు నాటించింది. ఒకటి వరండాలో, ఒకటి గదిలో.

పదిహేనో రోజున హెడ్మాస్టరు వచ్చాడు. ఆయనకు కళ్లకంటే స్కేలు మీద నమ్మకం ఎక్కువ.

"వరండా మొక్క పది సెంటీమీటర్లు. గది మొక్క ఇరవై రెండు! ఈ గదికేం తక్కువ టీచరుగారూ?"

"రంగు చూడండి సార్, ఎలా పాలిపోయిందో! వెలుతురు కోసం వెతుక్కుంటూ అలా సాగిపోయింది."

"ఊహలొద్దు, కొలిచి చెప్పండని పిల్లలకి నేర్పింది మీరేగా?"

"అవున్సార్!" అన్నారు పిల్లలు, ఒక్క గొంతుతో.

ఆయన హుషారుగా స్కేలు వెనక్కి తీసుకున్నాడు. దాన్ని ఆనుకుని ఉన్న మొక్క నడుం విరిగినట్టు డబ్బా అంచు మీద వాలిపోయింది.

ఆయన మొక్కవంక చాలాసేపు చూశాడు. మనిషి కరిగినట్టే ఉన్నాడు. టీచరు ఊపిరి బిగబట్టింది.

"నిజమేనమ్మా, పాపం," అన్నాడు. "రేపే ఓ పుల్ల తెప్పిస్తా. కట్టేయండి."