మూడో మలుపు గోడ

ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సు వీధుల్లోకి వచ్చిన ఏడు అది. కింద లోయలో వంతెనలు పోయాయి, పిండిమరలు పోయాయి, టెలిఫోను స్తంభాలు ఒరిగిపోయాయి. పైన రొవెటా కొండదారిలో, మూడో మలుపు దగ్గరి రాతిగోడ మాత్రం నిలబడే ఉంది.

ఒటోరినో గోడని చేత్తో తట్టి చూశాడు. కాలితో తన్ని చూశాడు. ఒక్క రాయీ కదల్లేదు.

"ఇప్పుడేమంటారు సర్వేయరుగారూ?" అన్నాడు గోడ కట్టిన మేస్త్రీ గోస్తో. "ఏటా మీరొచ్చేసరికి ఇది పడుండేది. నాలుగు చినుకులకి కూలే గోడ కడతానని ఊరంతా నవ్వింది. నది ఊళ్లు మింగినా, నా గోడ నిలబడింది."

ఒటోరినో తలూపాడు. మాటల దగ్గర ఆయన పొదుపరి.

ఏటా మే నెలలో ఇటలీ అంతా చుట్టివచ్చే మూడు వారాల సైకిల్ పందేనికి దారి గీసేది మిలాన్‌లోని ఆఫీసు. ఆ దారిని ముందుగా నడిచి చూసి ఔననో కాదనో చెప్పేది ఒటోరినో. రొవెటా కొండ ఆయనకి చూసిన మొదటిసారే నచ్చింది. ఎక్కేటప్పుడు నిటారు, దిగేటప్పుడు మెలికలు, దిగీదిగగానే పట్నం. మూడో వారం, ఒళ్లు హూనమయ్యాక, ఎవడి కాళ్లలో ఏం మిగిలిందో ఇక్కడ బయటపడాల్సిందే.

కాని ఏటా చలి మొదట్లో ఆయన వచ్చేసరికి దిగుడులో ఈ గోడ కూలి ఉండేది. గోడ లేకపోతే దారి అంచు జారుతుంది. అటు గుంపుగా కుర్రాళ్లని పంపడం, లోయలోకి తోసెయ్యడం ఒకటే. మంచు కరిగి గోస్తో మళ్లీ గోడ లేపేసరికి పందెం వేళ దాటిపోయేది. పడిన రాళ్లు పగిలేవి కూడా కావు, గట్టు వారన పేర్చినట్టు ఉండేవి. మా కొండకి మర్యాద తెలుసునని గోస్తో అనేవాడు. వచ్చే ఏడు చూద్దామని ఒటోరినో వెళ్లిపోయేవాడు. వచ్చే ఏడు మళ్లీ వచ్చేవాడు.

వచ్చినప్పుడల్లా బస ఎర్సీలియా పూటకూళ్ల ఇంట్లో. మొగుడు పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. ఎప్పుడూ ముందుగా టెలిఫోను చేసేవాడు. ఈసారి తీగలు తెగి ఉన్నాయి, గోడ చూసి వచ్చి నేరుగా తలుపు తట్టాడు.

తెరిచిన ఎర్సీలియా ముఖంలో రంగు పోయింది.

"చెప్పకుండా వచ్చేస్తారా ఎవరైనా?" అంది.

గుమ్మం పక్కనున్న గడ్డపారని మూలకి నెట్టింది. మేకల తొట్టిలో నీళ్లు గడ్డకడితే పగలగొట్టడానికట. ఆయన అడక్కుండానే చెప్పింది.

సాయంత్రానికి, పందెం ఈ దారినే వస్తుందని గోస్తో ఊరంతా చాటేశాడు. వరదకి కిందదారి పోయింది కాబట్టి పై దారికి తారు ఎలాగూ వేస్తారు, కాని తన గోడ పక్కనుంచి ఇటలీ మొత్తం వెళుతుందంటే ఆ మజా వేరని వచ్చినవాడికల్లా చెప్పాడు. జనం వచ్చి ఒటోరినో భుజం తట్టి వెళ్లారు.

అందరూ వెళ్లాక ఎర్సీలియా చెస్ట్‌నట్ పిండి అట్లు, చిక్కుడుగింజల పులుసు పెట్టింది. ఒటోరినో ఆమె చేతికేసి చూశాడు. ఏటా ఆ బొటనవేలికి గుడ్డ కట్టి ఉండేది. పొయ్యి దగ్గర కాల్చుకుంటుందనుకుని ఈసారి మిలాన్‌లో ఒక మందు డబ్బా కొన్నాడు. తీరా చూస్తే వేలు శుభ్రంగా ఉంది. డబ్బా జేబులోనే ఉండిపోయింది.

మా కొండ ఇంకా ఎదుగుతోందా, ఏటా వచ్చి కొలుస్తున్నారని ఎర్సీలియా ఆటపట్టించేది, ఆ పూట అదీ లేదు.

"ఔనంటారా ఈసారి?" అంది చివరికి.

"గోడ నిలబడింది."

"ఔనన్నాక?"

"ఒకసారి తొక్కిన కొండని పందెం చాలా ఏళ్లు మళ్లీ తొక్కదు. నన్నింక ఆల్ప్సు వైపు పంపుతారు."

"అక్కడా ఉంటాయిలెండి పూటకూళ్లు."

"ఉంటాయి." అట్టు ముక్క తుంచాడు. "అక్కడివాళ్లు పులుసులో ఉప్పెక్కువేస్తారు."

ఎర్సీలియా నవ్వలేదు. ఇంకా సగం ఉన్న గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మంచం మీద ఒటోరినో కళ్లు తెరుచుకునే ఉన్నాడు. కాదు అంటే చాలు. ఆఫీసువాళ్లు ఆయన మాట మీద అవతలి లోయగుండా దారి గీసుకుంటారు, వచ్చే ఏడు మళ్లీ ఇటు పంపుతారు. కాని నిలబడ్డ గోడని కూలిందని ఎలా అంటాడు? ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క దారి మీదా ఆయన అబద్ధం చెప్పలేదు. ఏటికేడు కూలిన ఆ రాళ్లని చూసి లోలోపల ఎంత సంబరపడేవాడో ఆయనకి ఆ రాత్రి తెలిసింది.

తెల్లారి లేచాడు. ఒప్పుకున్న గోడ మీద తెల్లరంగు గీత గీయడం ఆనవాయితీ. రంగు డబ్బా, కుంచె పట్టుకుని కిందికి దిగాడు. వంటింట్లో పొయ్యి వెలగలేదు. వీధి తలుపు వారగా తెరిచి ఉంది.

బయట పొగమంచు. నెమ్మదిగా దిగుతూ వెళ్లాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడోది ఇంకా కనబడకముందే ఇనుము రాతికి తగులుతున్న చప్పుడు వినబడింది. గోస్తో ఇంత పొద్దున్నే గోడకి మెరుగులు దిద్దుతున్నాడనుకున్నాడు.

మలుపు తిరిగాడు. గోడ మీది రాయి ఒకటి అప్పటికే గట్టు వారన పెట్టి ఉంది. రంగు డబ్బా కింద పెట్టాడు.

ఎర్సీలియా చేతిలోని గడ్డపార అందుకుని, రెండో రాయి తనే పెకలించాడు.